కలిపితే తొంభై రావాలి

ఒక్క వాక్యం. మహా అయితే అయిదారు మాటలు. చెప్పాల్సిన రోజున చెప్పకుండా మింగేశాను. అది అరగలేదు. ఏళ్ళ తరబడి గొంతుకూ గుండెకూ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉండిపోయింది. అన్నం తింటున్నా కదిలేది, బస్సులో కూర్చున్నా కదిలేది, ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మరీ కదిలేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

ముందే చెబుతున్నాను, ఇది ఏడుపు కథ కాదు. ఇందులో ఒకమ్మాయి గెలిచింది. దర్జాగా గెలిచింది. ఆ గెలుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కాకపోతే నేను చేసిన పాడుపని చెప్పకుండా ఆ గెలుపు గురించి చెప్పడం కుదరదు. కుదిరితే ఎప్పుడో చెప్పేసి హాయిగా ఉండేదాన్ని.

మాది గుంటూరు వైపు. నాన్నకు కొత్త ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో ఉద్యోగం వచ్చాక అత్తాపూర్‌లో ఇల్లు ఖాళీ చేసి శంషాబాద్‌లో కిరాయికి దిగాం. అక్కడే ఓ ప్రైవేటు కాలేజీలో ఇంటర్, ఎంపీసీ. విమానం నెత్తి మీద నుంచి వెళ్తుంటే లెక్చరరు వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. శబ్దం పోయాక ఆపిన మాట దగ్గర్నుంచే మొదలుపెట్టేవారు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు, వారం తిరిగేసరికి వాళ్ళూ అలవాటు పడిపోయేవాళ్ళు.

బెంచీలో నా పక్కన కృప కూర్చునేది. శంషాబాద్ పిల్లే. వాళ్ళ నాన్న ఊరి చివర చెలకలో పాలకూర, కొత్తిమీర పండించేవాడు. వాళ్ళమ్మ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పనికి వెళ్ళేది. ఆదివారం చర్చిలో పాటలు పాడి పాడి, సోమవారం బొంగురు గొంతుతో కాలేజీకి వచ్చేది కృప. లెక్కలంటే ఆమెకు ఆకలి. నాకూ అంతే. మేమిద్దరం బీ సెక్షన్‌లో ఉన్నాం, మా పై అంతస్తులో మంచి ర్యాంకులు తెచ్చే పిల్లల ఏ సెక్షన్ ఉండేది. లెక్కల మూర్తి సార్ ఏ సెక్షన్‌కే చెప్పేవారు. ఆయన కింది అంతస్తుకు దిగేది పరీక్ష పెట్టడానికి మాత్రమే. ఆయన పాఠం వినడం కోసం మేమిద్దరం ఒకసారి మెట్ల మీద నిలబడి చీవాట్లు తిన్నాం కూడా.

రెండో సంవత్సరం మధ్యలో ఏ సెక్షన్‌లో ఒక అబ్బాయి వేరే కాలేజీకి వెళ్ళిపోయాడు. ఒక్క సీటు ఖాళీ. పరీక్ష పెడతాం, బీ సెక్షన్‌లో ఫస్టు వచ్చినవాళ్ళు పైకి వెళ్తారు అన్నారు. పరీక్ష డెఫినిట్ ఇంటిగ్రల్స్ మీద. ఫస్టు వచ్చేది కృపో నేనో అని క్లాసంతటికీ తెలుసు. ఆ సీటు నాకు ఎంత కావాలనిపించిందో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రపంచమంతా ఆ మెట్ల పైనే ఉందనుకున్నాను.

ఇక్కడ మా కాలేజీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎంసెట్‌కు చదివే పిల్లలకు షార్ట్‌కట్లే ఆస్తి. ఎవరూ ఊరికే ఇచ్చేవాళ్ళు కాదు. ఒకటి ఇస్తే ఒకటి తీసుకోవాలి, ఇచ్చేటప్పుడు ఒక లెక్క చేసి చూపించాలి. అదీ రివాజు. ఆ వారం కృప నాకు కెమిస్ట్రీలో ఆక్సిడేషన్ నంబరు చిటికెలో కట్టే పద్ధతి ఇచ్చింది. నేను సంబరపడి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "జర ఆగు. పెరాక్సైడ్ కనవడితే గిది నమ్మకు, మునుగుతవ్" అంది. అడక్కుండానే చెప్పింది. ఎక్కడ పనిచేస్తుందో చెప్పి ఊరుకోలేదు, ఎక్కడ పనిచేయదో కూడా చెప్పింది.

ఇక నా వంతు.

నా దగ్గర ఉన్నది మా పెద్దమ్మ కొడుకు సెలవుల్లో నేర్పినది. లెక్కలు రాని వాళ్ళు భయపడకండి, ఇది చాలా చిన్న సంగతి. ఇంటిగ్రల్ అంటే ఒక వంపు గీత కింద, ఒక చోటి నుంచి ఇంకో చోటి దాకా ఉన్న వైశాల్యం. ఆ మొదలునీ చివరనీ లిమిట్స్ అంటాం. ఆ గీతను అద్దంలో చూసినట్టు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ తిప్పితే ఆకారం మారుతుంది గానీ వైశాల్యం మారదు. అంతే ప్రాపర్టీ. దాంతో ఎంత మాయ చేయొచ్చో! కింద సైన్ ప్లస్ కాస్, పైన సైన్ ఉందనుకోండి. సున్నా నుంచి తొంభై డిగ్రీల దాకా. అద్దంలో తిప్పగానే సైన్ పోయి కాస్ అవుతుంది, కాస్ పోయి సైన్ అవుతుంది. పాతదీ కొత్తదీ కలిపితే పైనా కిందా ఒకటే అయిపోయి అంతా కొట్టుకుపోతుంది. మిగిలేది ఒకటి. కాబట్టి జవాబు లిమిట్స్ మధ్య దూరంలో సగం. పేజీ నిండా చేయాల్సిన లెక్క చూపుతోనే అయిపోతుంది. మొదటిసారి అది నా కళ్ళ ముందు జరిగినప్పుడు నేను గట్టిగా అరిచాను. మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కానీ దీనికి ఒక షరతుంది. రెండు లిమిట్స్ కలిపితే తొంభై రావాలి. అప్పుడే సైనూ కాసూ ఒకదానికొకటి మారతాయి. సున్నా, తొంభై సరే. ముప్పై, అరవై సరే. సున్నా, అరవై అయితే మాత్రం మారవు. అక్కడ సగం అంటే తప్పు. సగం వెనకాల ఒక లాగరిథం ముక్క, లాగ్ తోక, కూడా ఉంటుంది. నాకిది నేర్పిన అన్నయ్య ఆ షరతు నాతో మూడు సార్లు అనిపించాడు.

నేను కృపకు ముప్పై నుంచి అరవై లెక్క చేసి చూపించాను. దూరం ముప్పై, సగం పదిహేను డిగ్రీలు, అంటే రేడియన్లలో పై బై ట్వెల్వ్. కృప కళ్ళు ఇంతింత చేసుకుంది. "అబ్బా! గింతేనా?" అంది.

"అంతే" అన్నాను.

ఇదీ నేను చేసింది. ఆమె అడిగింది కూడా. 'ఇంతేనా' అని నోటితో అడిగింది. నేను అంతే అన్నాను. మర్చిపోయానా? లేదు. తెలియదా? బాగా తెలుసు. షరతు నాలిక చివరిదాకా వచ్చింది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు పై అంతస్తు మెట్లు కనిపించాయి. పరీక్షలో అలాంటి లెక్క వస్తుందని నాకు తెలియదు, ఆ మాట నిజం. కానీ వస్తే బాగుండునని అనుకున్నాను. అదీ నిజమే. ఈ రెండో నిజాన్ని నాకు నేను చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది.

వచ్చింది. సున్నా నుంచి అరవై. పైన సైన్, కింద సైన్ ప్లస్ కాస్. మొదటి ఆప్షన్ పై బై సిక్స్, అంటే సరిగ్గా అరవైలో సగం. మూర్తి సార్ వల వేసి కూర్చున్నారు. నేను దాన్ని దాటేసి లాగ్ తోక ఉన్న ఆప్షన్ పెట్టాను. పక్క బెంచీలో కృప ఆ పేజీని అర నిమిషంలో తిప్పేయడం కనిపించింది. నాకు కలిగింది సంతోషమో భయమో చెప్పలేను. ఆ ఒక్క లెక్క తేడాతోనే నేను ఫస్టు, ఆమె సెకండు.

నేను పుస్తకాలు సర్దుకుని పైకి వెళ్తుంటే కృప నా సంచీ మోసింది. "నాదే తొందర. సూడకుండ పెట్టేసిన. నువ్వు పో, మంచిగ చదువు" అంది. నన్ను ఒక్క మాట అన్లేదు. అని ఉంటే ఎంత బాగుండేదో. పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడేదాన్ని, గొడవలో ఎక్కడో నిజం జారిపడేది. ఆమెకు నా మీద అనుమానం రాలేదు. అనుమానించే బుద్ధే ఆ పిల్లకు లేదు.

పై అంతస్తులో నేనేం చేశాను? చదివాను. నిజం చెప్పొద్దూ, బాగానే చదివాను. వేగం పెరిగింది. ప్రశ్న పూర్తిగా చదవక ముందే జవాబు చెప్పడం గొప్పగా అనిపించేది. కింద కృప ఏం చేస్తోందో తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. మధ్యాహ్నం కలిసి తినే అలవాటు కూడా మెల్లగా పోయింది. తప్పించుకున్నది నేనే.

ఎంసెట్ దగ్గర పడ్డాక రెండు సెక్షన్లనూ కలిపి పై హాల్లో రివిజన్ పెట్టారు. ఏ సెక్షన్ ముందు, బీ సెక్షన్ వెనక. మూర్తి సార్ బోర్డు మీద ఒక చిన్న ఇంటిగ్రల్ రాశారు. ఒకటి బై ఎక్స్ స్క్వేర్, మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా. ఆయన సుద్దముక్క దించేలోపే నేను లేచాను.

"మైనస్ రెండు సార్."

ముందు వరసలన్నీ అవునవును అన్నాయి. సూత్రం వేసి, లిమిట్స్ పెట్టి, తీసేస్తే మైనస్ రెండే వస్తుంది. మీరు చేసినా అంతే వస్తుంది. సార్ వెనక్కి చూశారు. వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. హాలు హాలంతా నోరు మూసుకుంది. కృప నిలబడి ఉంది, వేలు బోర్డు వైపు చూపిస్తూ, ఆ శబ్దం పోయేదాకా అలాగే. నాకెందుకో ఆ వేలు నా వైపే ఉన్నట్టనిపించింది.

"సార్, అది కాదు" అంది శబ్దం ఆగాక. బొంగురు గొంతే. "ఎక్స్ ఏది పెట్టినా కింద స్క్వేరే గదా సార్. ప్లస్సే వస్తది. గీత మొత్తం పైకే ఉన్నది. అన్ని ప్లస్సులు కలిపితే మైనస్ ఎట్లయితది? మా బాపు రోజూ పాలకూర కట్టలు కలుపుతడు. ఎన్నడు మైనస్ కట్టలు రాలే."

హాలు గొల్లుమంది. సార్ కూడా నవ్వారు. నవ్వుతూనే, "మరి సూత్రం ఎందుకు తప్పు చెప్పిందమ్మా?" అన్నారు.

"సూత్రం తప్పు చెప్పలే సార్. దాన్ని వాడొద్దన్న కాడ మనం వాడినం. నడుమల సున్నా ఉన్నది. అక్కడ ఒకటి బై సున్నా అయితది, గీతనే తెగిపోతది. గీత తెగకుండ ఉంటెనే ఆ సూత్రం. లెక్క చేసుడు తర్వాత, ముందు గది సూడాలె."

"వచ్చి బోర్డు మీద చెప్పు" అని సార్ సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. ఆయన చేతిలోని సుద్ద మరొకరికి ఇవ్వడం మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు. కృప వచ్చింది. గీత గీసింది. సున్నాకు అటూ ఇటూ అది ఆకాశానికి ఎలా లేచిపోతుందో చూపించింది. ఈ వైశాల్యానికి అంతు లేదు, కాబట్టి జవాబు లేదు అంది. అక్కడితో ఆగిందా? మా మాస్టర్లు నేర్పిన షార్ట్‌కట్లు ఒక్కొక్కటీ తీసుకుని, ఏది ఎక్కడ బోల్తా కొడుతుందో చెబుతూ పోయింది. బీ సెక్షన్ మొత్తానికీ ఆమె నేర్పేసిందట! వెనక బెంచీల వాళ్ళు ఆమె కంటే ముందే జవాబులు అరుస్తున్నారు. మేం ముందు వరసల్లో నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. సార్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని వింటున్నారు. చివర్లో ఆయనే మొదట చప్పట్లు కొట్టారు.

నేనూ కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను. అంతమందిలో ఓడిపోయింది నేనే, అయినా నాకంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. నేను తొక్కిన పిల్ల తొక్కిన చోట ఉండిపోలేదు! భేష్ అని అరవాలనిపించింది. అంతలోనే చప్పట్లు ఆపేశాను. ఆమె లేచింది సరే, తొక్కిన కాలు నాదే కదా?

క్లాసు అయ్యాక మంచినీళ్ళ కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది కృప. ముఖం వెలిగిపోతోంది.

"ఇదంత నీ పుణ్యమే తెలుసా? నువ్వు చెప్పిన షార్ట్‌కట్ కాడ బోల్తా పడ్డ గదా, ఎందుకు పడ్డనని పదిహేను రోజులు మస్తు పరేషాన్ అయిన. షరతు దొరికినంక ఇగ ప్రతిదానికి షరతు ఏందని ఎతుకుడే. నువ్వు చెప్పకుంటే నాకీ అలవాటు వస్తుండెనా? థ్యాంక్స్‌నే."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా? ఎదురుగా నిలబడింది. నవ్వుతోంది. గెలిచి ఉంది. కోపం వచ్చినా తట్టుకునేంత సంతోషంలో ఉంది. నేనేమన్నానో తెలుసా?

"నాదేముందిలే" అన్నాను. వినయంగా! తల కూడా కొంచెం వంచాను. షరతు మింగడం ఒక తప్పు. ఆ కృతజ్ఞతను మింగడం దానికంటే నీచం. మొదటిది పదిహేడేళ్ళ పిల్ల కక్కుర్తి అని ఎవరైనా సర్దిచెప్పగలరు. రెండో దానికి ఏ సర్దుబాటూ లేదు.

ఆ తర్వాత కృపకు మంచి ర్యాంకు వచ్చింది. ఇంజనీరింగ్ సీటు వదిలేసి బీయస్సీ మ్యాథ్స్‌లో చేరింది. పిచ్చా అన్నారు జనం. ఆమె వినలేదు. నేను ఇంజనీరింగ్‌లో చేరాను. కలిసినప్పుడల్లా ఆమె తన స్నేహితులకు నన్ను ఒకే రకంగా పరిచయం చేసేది. "నాకు లెక్కల తీరు నేర్పింది ఈమెనే" అనేది. వాళ్ళు నా వైపు గౌరవంగా చూసేవాళ్ళు. ఆ చూపులు నేను భరించాను. భరించడమేమిటి, కాస్త ఇష్టపడ్డాను కూడా. అబద్ధం ఎందుకు?

మొన్న, అంటే ఈ ఏడాదే, కృప ఫోన్ చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో ఇంటర్ పిల్లలకు ఉచితంగా లెక్కలు చెబుతోందట. డెఫినిట్ ఇంటిగ్రల్స్ మొదలుపెడుతున్నాను, ఆ షార్ట్‌కట్ నువ్వే వచ్చి చెప్పు అంది. సరే అన్నాను.

వెళ్ళాను. ఆడపిల్లలే ఎక్కువ. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు కొందరు, శంషాబాద్ పిల్లలు కొందరు. కృప నన్ను చూపించి అదే మాట చెప్పింది. నేనే తన గురువునని చెప్పింది. పిల్లలు లేచి నమస్తే పెట్టారు. నేను బోర్డు మీద ముప్పై నుంచి అరవై లెక్క చేశాను. పై బై ట్వెల్వ్. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుని అడిగింది.

"అంతేనా అక్కా?"

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నేనేమీ అనుకుని వెళ్ళలేదు. ఆ ప్రశ్న వినగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అంతే కాదమ్మా. రెండు లిమిట్స్ కలిపితే తొంభై రావాలి. రాకపోతే ఇది తప్పు. మీ కృప అక్క కూడా నన్ను ఇదే అడిగింది. నాకు ఈ షరతు తెలుసు. తెలిసే చెప్పలేదు. పై సెక్షన్‌లో సీటు నాకు కావాలని దాచాను. నేను మీ అక్కకు ఏమీ నేర్పలేదు. ఆమె సొంతంగా నేర్చుకుంది."

 కృప కిటికీ దగ్గర నిలబడి ఉంది. నా వైపు తిరిగింది.

"తెలుసా నీకు? ఆరోజే తెలుసా?"

"తెలుసు."

"కుళాయి కాడ నేను థ్యాంక్స్ చెప్పినప్పుడు గూడ?"

"అప్పుడు కూడా."

ఆమె ముఖంలో ఏం కదిలిందో నాకు అర్థం కాలేదు. కోపమే అయి ఉంటుంది. అయి ఉండాలి. "పిల్లలు సూస్తున్నరు. లెక్క నడుమల ఇడవకు, పూర్తి చెయ్" అంది. చేశాను. సున్నా నుంచి అరవై లెక్క తీసుకుని, షార్ట్‌కట్ ఎందుకు విరిగిపోతుందో, లాగ్ తోక ఎక్కడి నుంచి వస్తుందో మొత్తం చెప్పాను. నా జీవితంలో నేను అంత బాగా లెక్క చెప్పింది లేదు. నా గొంతు హాలు చివరిదాకా వినిపించింది. అయిపోయాక కృప నన్ను గేటు దాకా సాగనంపలేదు.

రోడ్డు మీదికి వచ్చాక ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలి వేసింది. ఎన్నాళ్ళకో అసలైన ఆకలి. బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిన్నాను. సిగ్గుపడాల్సిన రోజున అంత ఉత్సాహం ఏమిటి నీకు అని నన్ను నేను అడిగాను. దండుగ ప్రశ్న అనిపించింది. ఆమె గెలుపులో నేను కాజేసిన వాటాను నా చేతుల్తో తిరిగి ఆమెకే అప్పజెప్పాను. దానికి ఉత్సాహపడక ఏం చేయను?

కృప అప్పటినుంచి ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. క్షమించమని అడిగితే, పాపం, ఆ మెత్తటి మనిషి ఇష్టం లేకపోయినా క్షమించేస్తుంది. ఆ బరువు కూడా ఆమె మీదే ఎందుకు వేయాలి? పిల్లలు మాత్రం వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో చెప్పినట్టున్నారు. ఎయిర్‌పోర్టులో మా నాన్నతో పనిచేసే ఒకాయన కూతురు వాళ్ళలో ఉందట. ఆయన మొన్న మా ఇంటికి వచ్చి, కాస్త ఇబ్బందిగా, "ఏందమ్మా, ఆ కృపకు లెక్కలు నువ్వే నేర్పినవని అందరు అంటుండె. కాదా మరి?" అని అడిగాడు. అమ్మానాన్నా ఇద్దరూ అక్కడే ఉన్నారు. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను.

"కాదండీ. నేను దాచాను. ఆమే గెలిచింది."